పాల్32 తీసేసినా ఈస్ట్ బతుకుతుంది కదా, మరి దాన్ని లెక్కలో వేయాలా వద్దా?

అనంత విద్యార్థి (అనంతపురం):
నెట్ పరీక్షకు చదువుతున్నా. బేకరీ ఈస్ట్‌లో డీఎన్‌ఏ పాలిమరేజ్ డెల్టాకు (డీఎన్‌ఏను నకలు రాసే యంత్రాల్లో ఒకటి) సబ్‌యూనిట్లు, అంటే దాంట్లో కలిసుండే ప్రొటీన్ ముక్కలు, ఎన్ని? నా దగ్గరున్న మూడు నోట్సుల్లో మూడు జవాబులున్నాయి. ఒకదాంట్లో రెండు, ఇంకోదాంట్లో మూడు, మరోదాంట్లో నాలుగు. ఆల్ఫా, ఎప్సిలాన్ అనే మిగతా పాలిమరేజ్‌లకు నాలుగేసి అని మూడూ ఒప్పుకుంటున్నాయి, డెల్టా దగ్గరే తగాదా. ఏది రాయాల?

కడప గడప (కడప):
నన్నడిగితే రెండే. డీఎన్‌ఏను రాసేది పాల్3. దాన్ని పట్టి నిలబెట్టేది పాల్31. ఈ రెండు జీన్లలో ఏది తీసేసినా కణం చస్తుంది. మూడోదని చెప్పే పాల్32ను తీసేస్తే చావదు. ఎద్దులబండికి ఇరుసు లేకపోతే బండే కదలదు, ఎద్దు మెడలో గంట లేకపోతే బండి ఆగదు. పాల్32 గంటలాంటిది. ఎప్సిలాన్‌లోనూ అంతే. డీపీబీ3, డీపీబీ4 లేకున్నా కణం బతుకుతుంది కాబట్టి అక్కడ కూడా పాల్2, డీపీబీ2 రెండే అసలైనవని నేనంటా.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):
అన్నా, డిగ్రీ పిల్లలకు ఈ పాఠం ఏటేటా చెప్పేదాన్ని, అందుకే గట్టిగా చెబుతున్నా. చావును కొలబద్దగా పెట్టుకుంటే లెక్క యాడికి పోతుందో చూడండి.

ఎప్సిలాన్‌లో డీఎన్‌ఏను రాసేది పాల్2 ముందుసగం. 1999లో ఆ సగాన్ని కోసేసి చూసినారు. కణం నీరసంగా, నిదానంగా పెరిగింది గానీ చావలేదు. కోయడానికి వీల్లేనిది ఏ రాతపనీ చేయని వెనకసగమే. మీ కొలబద్ద ప్రకారమైతే, పాలిమరేజ్‌లో పాలిమరేజ్ పని చేసే ముక్కే దాని భాగం కాదని చెప్పాలి. ఒప్పుకుంటారా?

ఇంకోటి. ఇదే ఈస్ట్ జాతుల్లో రెండుగా చీలి పెరిగేది ఒకటుంది, పాంబే. దాంట్లో పాల్32కు సాటివచ్చేది సీడీసీ27. అది తీసేస్తే పాంబే చస్తుంది. ఒకే వంశపు ప్రొటీన్ అక్కడ ఇరుసు, ఇక్కడ గంట ఎట్లయితుంది?

గంట అన్నారు కాబట్టి అదీ చెబుతా. పాల్32 లేని ఈస్ట్‌ను మామూలు 30 డిగ్రీల్లో పెంచితే బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అదే ప్లేటును చలిలో పెట్టండి, పెరుగుదల కుంటుపడుతుంది. డీఎన్‌ఏ రాతకు అడ్డుపడే హైడ్రాక్సీయూరియా అనే మందు కలిపిన ప్లేటు మీద తట్టుకోలేదు. పాల్32 తోక చివర చిన్న కొక్కెంలాంటి వరుస ఉంది. డీఎన్‌ఏ చుట్టూ ఉంగరంలా ఉండే పీసీఎన్‌ఏను పట్టుకోవడానికి సాయపడేది అదే. తెగిన క్రోమోజోమ్ కొసను పట్టుకుని దూరం దాకా కొత్తగా రాసుకుంటూ పోయే మరమ్మతుకు పాల్32 తప్పనిసరి అని 2007లో తేలింది. రోజూ అవసరం పడదు, అంతే.

అనంత విద్యార్థి:
మేడమ్, మరి నాలుగు అని యాడ నుంచి వచ్చింది? ఒక నోట్సులో "జంటగా ఉంటుంది, మొత్తం ఆరు" అని కూడా ఉంది.

తుంగభద్ర ఒడ్డు:
నాలుగు మన మనుషుల డెల్టాకు, పాంబే డెల్టాకు. బేకరీ ఈస్ట్‌లో ఆ నాలుగోది లేదు. మనిషి లెక్కను ఎవరో ఈస్ట్ కింద రాసేసినారు.

ఆరు సంగతి మాత్రం ఊరికే పుట్టిన తప్పు కాదు. పాల్3, పాల్31, పాల్32 బరువులు కలిపితే సుమారు 220 కిలోడాల్టన్లు (ప్రొటీన్ల బరువు కొలత). 1998లో ఈస్ట్ పాలిమరేజ్‌ల మీద పనిచేసిన పీటర్ బర్గర్స్ ల్యాబ్ దాన్ని జెల్ ఫిల్ట్రేషన్ కాలమ్‌లో పోస్తే, ఉండాల్సిన దానికంటే చాలా ముందే బయటికి వచ్చింది. కాలమ్‌లో పెద్దవి ముందు వస్తాయి, చిన్నవి పూసల రంధ్రాల్లో దూరి ఆలస్యమవుతాయి. అందుకని రెండు డెల్టాలు జతకట్టినాయి అనుకున్నారు. రెండు పోగులనూ ఒకేసారి రాయాలి కదా, జంట అంటే నమ్మబుద్ధి అయ్యేదే.

కానీ మా వన్‌టౌన్ సందుల్లో పొడుగాటి వెదురుబొంగు భుజాన వేసుకున్న మనిషిని ఊహించుకోండి. ఒక్కడే, బరువూ తక్కువే, అయినా సందుల్లోకి తిరగలేడు. నేరుగా పెద్దరోడ్డున పోయి అందరికంటే ముందు చేరతాడు. డెల్టా అట్లాంటిది. బాగా సాగిన ఆకారం. 2001లో అదే ల్యాబ్ అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో, ఆకారంతో పనిలేకుండా బరువు చెప్పే పద్ధతిలో తూచింది. ఒక్కోటి ఒక్కటే, మొత్తం మూడు. తమ లెక్కను తామే దిద్దుకున్నారు. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది అదే.

కడప గడప:
పాల్2 ముందుసగం సంగతికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటా. చావును బట్టి లెక్కించడం మానుకుంటా. కానీ పాల్32 జీటా అనే ఇంకో పాలిమరేజ్‌లో కూడా పోయి కూర్చుంటుంది కదమ్మా. నాలుగిళ్లలో పనిచేసే మనిషిని ఏ ఇంటి మనిషని రాస్తారు?

తుంగభద్ర ఒడ్డు:
జీటాలో పాల్32 ఒక్కటే లేదన్నా. రెవ్3, రెవ్7తో పాటు పాల్31 కూడా ఉంది. మీరు ఇరుసు అన్న పాల్31. పంచుకున్నందుకు పాల్32ను బయటికి పంపితే పాల్31ను కూడా పంపాల. అప్పుడు డెల్టాలో మిగిలేది పాల్3 ఒక్కటే.

అనంత విద్యార్థి:
డెల్టాకు మూడు అని నోట్సులో దిద్దుకున్నా మేడమ్. పక్కన "బేకరీ ఈస్ట్‌కు మాత్రమే" అని కూడా రాసినా.