ఆసా రాజు పాదాల జబ్బు పాఠం: వైద్యం తప్పనిపించకుండా ఎలా చెప్పాలి?

అందరికీ వందనాలు. విశాఖలో మద్దిలపాలెం దగ్గర ఆదివారం సాయంత్రం యువజన బైబిలు తరగతి, 45 నిమిషాలు. ఇంటర్, నర్సింగ్ చదివే పిల్లలు పదిహేను మంది దాకా ఉంటారు. బైబిల్లోని యూదా రాజు ఆసా జీవితం మూడు వారాల పాఠం. 2 దినవృత్తాంతములు 14, 15 అధ్యాయాలు హాయిగా సాగాయి. 16:12 దగ్గర బండి ఆగింది.

ఏలుబడి 39వ ఏట పాదాలకు జబ్బు, యెహోవా దగ్గర విచారణ చేయకుండా (అంటే దేవుణ్ణి అడగకుండా) 'వైద్యులను పట్టుకొనెను'. ఈ 'పట్టుకొనెను' అన్న మాటే చిక్కంతా. ఒకబ్బాయి వాళ్లమ్మ ఇదే వచనం చూపించి షుగర్ మాత్రలు మానేస్తానంటోందట.

రెండు విధాలుగా చెప్పి చూశాను. మొదటిది, బైబిల్లోనే వైద్యం ఉందని: హిజ్కియా రాజు పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద (2 రాజులు 20:7), వైద్యుడైన లూకా (కొలొస్స 4:14). తలలూపారు గానీ, "మరి ఆసాను ఎందుకు తప్పుపట్టారు?" అని మళ్లీ మొదటికే వచ్చారు. రెండోది, కూషీయుడైన జెరహు సైన్యం మీదికి వచ్చినప్పుడు ఆసా చేసిన ప్రార్థన (14:11) పక్కన, తర్వాత దేవుణ్ణి అడగకుండా సాయం కోసం సిరియా రాజు బెన్హదదుకు పంపిన వెండి బంగారాలు (16:2) పెట్టి, తప్పు వైద్యుల దగ్గర కాదు, మూడేళ్ల ముందే మొదలైన అలవాటులో ఉందన్నాను. నా దృష్టిలో సరైన వివరణ ఇదే. కానీ పిల్లలకది చరిత్ర పాఠంలా అనిపించింది, మాత్రల దాకా రాలేదు.

మాత్ర వేసుకుంటూనే 'విచారణ చేయడం' అంటే ఏమిటో ఐదు నిమిషాల్లో చూపించడానికి, మీ తరగతిలో పనిచేసిన ఉదాహరణ ఏది?