ఫీనిక్స్‌కి కొత్త: గిలక పాముల్ని అడవిలో చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

ప్రశ్న (టెంపీ నుంచి): అందరికీ నమస్కారం. పోయిన వారమే ఏలూరు నుంచి అరిజోనా వచ్చాను. ఊళ్లో పొలం గట్ల మీద రక్తపింజరిని చూస్తూ పెరిగాను. ఇక్కడి కొండల్లో తోక మోగించే గిలక పాముల్నీ (రాటిల్‌స్నేక్స్) తొండల్నీ చూడాలని ఉంది, ఫొటోలకే. ఏ చోటు, ఏ నెల మంచిది?

జవాబు (ఛాండ్లర్): తమ్ముడూ, కొండల సంగతి తర్వాత, ముందు ఇల్లు చూసుకో. మేం గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండేవాళ్లం. ఆగస్టులో ఒక సాయంత్రం వాన వెలిశాక చూస్తే చెప్పుల స్టాండ్ కింద డైమండ్‌బ్యాక్ గిలక పాము చుట్ట చుట్టుకుని ఉంది. తోక చివర నలుపు తెలుపు పట్టీలు. అపార్ట్‌మెంట్ ఆఫీసుకి ఫోన్ చేస్తే "మీ పాటియో (వసారా), మీ బాధ్యత" అన్నారు. రెండు గంటలు తలుపులేసుకుని కూర్చున్నాం. చివరికి ఒకతను పార తెచ్చి చంపేశాడు. ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఆ పాము పేరు చెప్పి డిపాజిట్‌లో 180 డాలర్లు పట్టుకున్నారు! అగ్రిమెంట్‌లో ఎక్కడుందో చూపించమని మూడు ఉత్తరాలు రాశాకే తిరిగిచ్చారు. డబ్బు వచ్చింది కానీ, మా జోలికే రాని పాము చచ్చిందన్న బాధ పోలేదు. తలుపు కింద సందు మూయించు, ఏం అడిగినా ఈమెయిల్‌లోనే అడుగు.

జవాబు (టక్సన్): అతను అడిగింది కొండల గురించి కదా అన్నగారూ. తమ్ముడూ, ఈ రాష్ట్రంలో 13 రకాల గిలక పాములున్నాయి. జూన్ ఎండకి పగలు బయటికి రావు, చీకటి పడ్డాకే. వానలు మొదలైతే జులై నుంచి సెప్టెంబర్ దాకా సాయంత్రాలు బాగుంటాయి. మీకు దగ్గర్లోనే సౌత్ మౌంటెన్. పొద్దున్నే బండల మీద చక్‌వాల్లా అనే పెద్ద తొండ ఎండ కాగుతుంటుంది. అలికిడైతే సందులో దూరి, ఎవరూ లాగలేనంతగా ఒళ్లు ఉబ్బించుకుని బిగుసుకుంటుంది. మా మౌంట్ లెమ్మన్‌కి కూడా రా. కింద సగువారో కాక్టస్‌లు, పైన 9,000 అడుగుల ఎత్తులో పైన్ చెట్లు. ఎత్తు మారేకొద్దీ తొండలూ మారిపోతాయి. గీలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి కనిపిస్తే మాత్రం చెయ్యి పెట్టకు. కరిస్తే అచ్చంగా ఉడుంపట్టే. 1952 నుంచి దానికి చట్టం రక్షణ ఉంది. దాని విషంలో దొరికిన పదార్థం ఆధారంగానే 2005లో షుగర్‌కి ఎక్సెనటైడ్ మందు వచ్చింది.

జవాబు (ఛాండ్లర్): గిలకలు లెక్కపెడితే వయసు తెలుస్తుంది. ఏడాదికొకటి.

జవాబు (టక్సన్): కాదండీ. కుబుసం విడిచినప్పుడల్లా ఒకటి వస్తుంది. ఏడాదిలో ఒకటికి మించి విడవచ్చు, చివరివి విరిగిపోతాయి కూడా. మోగించకుండా కాటెయ్యదని కూడా అనుకోవద్దు. ఆరడుగులకి తగ్గకుండా దూరం ఉంచాలి.

జవాబు (మెసా): నేను ఎమర్జెన్సీలో నర్సుని. కాటు పడితే గట్టిగా కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, ఐస్ పెట్టొద్దు. వాపు రాకముందే ఉంగరాలు, వాచీ తీసేసి 911కి ఫోన్ చెయ్యి. ఇండియాలో ఇచ్చే పాము మందు వీటికి పనిచెయ్యదు, ఇక్కడి యాంటీవెనమ్ వేరు. ఇన్సూరెన్స్ కార్డు జేబులో ఉంచుకో నాన్నా.

జవాబు (టక్సన్): శనివారం చీకటి పడే వేళకి వస్తే నేనే తీసుకెళ్తాను. బూట్లు వేసుకో, మంచి టార్చి తెచ్చుకో, మూడు లీటర్ల నీళ్లు కూడా.