అప్‌డేట్: ప్రార్థనలో వచ్చే దైవదూషణ ఆలోచనల గురించి

ప్రార్థనకు మోకరించగానే దేవుణ్ణి దూషించే మాటలు మనసులో మెదులుతున్నాయని, పరిశుద్ధాత్మకు విరోధంగా క్షమాపణ లేని పాపం చేశానేమోనన్న భయంతో నిద్ర పట్టడం లేదని ఇంతకుముందు రాశాను. జవాబిచ్చిన సహోదరీ సహోదరులందరికీ వందనాలు.

మానసిక వైద్యుణ్ణి కలవమన్న సలహాయే దారి చూపింది. ఇది ఓసీడీలో (వద్దనుకున్నా అవే ఆలోచనలు మళ్లీ మళ్లీ వచ్చి, వాటిని పోగొట్టుకోవడానికి చేసిందే చేయించే మానసిక సమస్య) ఒక రకమని ఆయన నిర్ధారించి, సెర్ట్రలిన్ మాత్రలు రాయడంతో పాటు, చెడు ఆలోచన వచ్చినప్పుడు దాన్ని చెరిపేసుకోవడానికి పదే పదే క్షమాపణ అడగకుండా ప్రార్థన కొనసాగించే అభ్యాసం చేయించారు. ‘యేసయ్యా, క్షమించు’ అని పెదవుల దాకా వచ్చిన మాటను ఆపుకొని తర్వాతి మాటకు వెళ్తుంటే మొదట్లో గుండె దడదడలాడేది, అరచేతులు చెమర్చేవి. మా పాస్టరుగారు కూడా దీన్ని సమర్థించారు. క్షమాపణ లేని పాపం గురించి మార్కు సువార్త 3వ అధ్యాయంలో ఉన్న హెచ్చరిక యేసు క్రియలను అపవిత్రాత్మకు అంటగట్టిన శాస్త్రులకు చెప్పినదే గాని, పాపం చేశానేమోనని కుమిలిపోయేవారికి కాదని వివరించి, ‘క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు’ అన్న రోమా 8:1 మీద నిలబడమన్నారు. నాకు ఎంతో ధైర్యమిచ్చిన మాట అది.

ఉపవాసాలు పెంచడం, దయ్యాన్ని వెళ్లగొట్టించడం, సంఘం మారడం నా విషయంలో అవసరం కాలేదు. ఆలోచనలు ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తాయి గాని ప్రార్థన ఆగడం లేదు. మాత్రలు మాత్రం వైద్యుడు చెప్పేవరకు మానను.