దసరాకు పిండివంటలు, బతుకమ్మ పిల్లలతోటి ఇంట్ల చేయించుడా, అన్నీ కొనుక్కొచ్చుడా?

నల్గొండ నాయిన:
అందరికీ నమస్తే. మా కాలనీ వాట్సాప్ గ్రూపుల మొన్నటి సంది ఒకటే లొల్లి నడుస్తున్నది, అందుకే ఇక్కడ అడుగుతున్న. ఈసారి దసరాకు ఎవ్వరు ఇండ్లల్ల ఏం చేసుకోవద్దట, సకినాలు గరిజలు అప్పాలు అన్నీ ఒక్కకాడనే ఆర్డర్ ఇద్దామట, బతుకమ్మ కూడ థర్మకోల్‌ది రెడీమేడ్ తెద్దామట, సెలవులల్ల పిల్లలకు బోర్ కొట్టకుంట తలా ఒక క్రాఫ్ట్ కిట్ కొనిద్దామట. సగం మంది సరే అన్నరు. నేను వద్దంటున్న.

ఎందుకంటే బతుకమ్మ తొమ్మిది రోజుల నైవేద్యాలు ఒకసారి చూడుండ్రి, పిల్లలు చేయలేనిది ఎంతున్నది అందుల? రెండో నాడు అటుకులు బెల్లం, నాలుగో నాడు నానబెట్టిన బియ్యంల పాలు బెల్లం, ఎనిమిదో నాడు నువ్వులు బెల్లం వెన్న కలిపి ముద్దలు కట్టుడు, వీటికి పెద్దగ పొయ్యి పనే లేదు. ఆరో నాడు అలిగిన బతుకమ్మ, ఆ పొద్దు నైవేద్యమే ఉండదు. ఏడో నాడు వేపకాయలు. బియ్యప్పిండి జరంత తీసుకొని రెండు వేళ్ల నడుమ పొడుగు వచ్చేటట్టు దొర్లిస్తే అచ్చం వేపకాయ అయితది, మా చిన్నది గవి బట్ట మీద వరుస పెట్టి లావువి ఒక దిక్కు సన్నయి ఒక దిక్కు ఏరుకుంట గంటలు గంటలు కూసుంటది, మధ్యల ఫోన్ ఊసే ఎత్తదు. ఏ కిట్ చేస్తది చెప్పుండ్రి ఈ పని? ఎండకాలం ముంజలు తిన్నంక రెండు తాటి బుర్రలకు నడుమ పుల్ల గుచ్చి పంగల కట్టెతోటి నూకుకుంట ఊరంత తిరిగినం మనం, పైసా ఖర్చు లేదు. మన జిల్లాల తాటిచెట్లకు కరువా?

మీరేమంటరో మొహమాటం లేకుంట చెప్పుండ్రి.

మిర్యాలగూడ కోడలు:
అన్నా, బాగనే రాసిండ్రు గని ఒక్కటి అడుగుత, ఏమనుకోకుండ్రి. గా వేపకాయల పిండికి బియ్యం కడిగి నానబోసింది ఎవరు, నీళ్లు వార్చి బట్ట మీద ఆరబోసింది ఎవరు, గిర్నీ కాడ లైన్ల నిలబడ్డది ఎవరు, పాప దొర్లిచ్చినంక మసులుతున్న నూనె కాడ నిలబడి కాల్చింది ఎవరు, బండల మీద అంటుకున్న పిండి గీకి కడిగింది ఎవరు? మీ పోస్టుల పాప ఉన్నది, మీరున్నరు, వదిన లేదు. ఇంటిల్లిపాదికీ సరదా అనే పేరు మీద జరిగే పనులల్ల ఒక్క మనిషికి మాత్రం సరదా ఉండదు, ఆ ఒక్క మనిషి ఎవరో మనందరికీ ఎరుకే.

నేను పొద్దుగాల ఎనిమిదింటికి ఇంట్లకెంచి పోతే మళ్ల వచ్చేసరికి చీకటి పడుతది. మాది రైసు మిల్లుల ఊరు, బియ్యానికి ఏం తక్కువ లేదు, చేసే చేతులకే తక్కువ. మా అమ్మ సకినాలు చుట్టిన రోజులల్ల వాడకట్టుల ఆడోళ్లంత వచ్చి కూసునేటోళ్లు, ఇయ్యాల మా ఇంట్ల, రేపు మీ ఇంట్ల అని వంతు ఉండేది. ఇప్పుడు ఆ వంతు లేదు, ఆ పని మాత్రం అట్లనే ఉన్నది, ఒక్కదాని మీదనే పడ్డది. డబ్బా కొనుక్కొచ్చి ఆ పూట పిల్లలతోటి కూసొని మాట్లాడుకుంట తింటే అది పండుగ కాదా?

పాలమూరు బిడ్డ:
అక్కా, పని ఒక్కరి మీద పడుతున్నదంటే దాన్ని పంచాలె గని పనే తీసేస్తే ఎట్ల. మా అమ్మా నాయిన ఏడాదిల ఎక్కువ నెలలు పుణె దిక్కు బిల్డింగు పనులకు పోయేటోళ్లు, పాలమూరుల ఇది కొత్త కథ కాదు, మేము అవ్వ కాడ ఉండేది. దసరాకు వాళ్లొస్తే ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ నాడు మలీద మా నాయిననే చేసేటోడు. వేడి వేడి రొట్టెలు తుంచి పళ్లెంల వేసి బెల్లం తురిమి నెయ్యి పోసి అరచెయ్యితోటి మెదుపుతనే ఉండేటోడు, మేము చుట్టు కూసొని ముద్దలు కట్టేది. రొట్టె వేడి మీద ఉన్నప్పుడే మెదపాలె, చల్లారితే బెల్లం పట్టదు, ముద్ద ఇచ్చుకపోతది. నాయినకు వచ్చిన వంట అదొక్కటే, మాకు ఆయనతోటి కూసునే పొద్దు కూడ అదే. అందుకే కొనుక్కొస్తే సరిపోతది అంటే నాకు మనసు ఒప్పది.

మొగోళ్లు చేయరు అని మీరు అనే మాట నిజమే, మస్తు ఇండ్లల్ల అట్లనే ఉన్నది. అయితే మొగోళ్లను వంటింట్ల కూసోబెట్టే చర్చ చేద్దాం, డబ్బా ఆర్డర్ చర్చ ఎందుకు?

సూర్యాపేట సిస్టర్:
అన్న రాసిన వేపకాయల గురించే జర గట్టిగ చెప్పాల్సి ఉన్నది. నేను దవాఖాన్ల స్టాఫ్ నర్సు. బియ్యప్పిండి ఉండలు నూనెల పేలుతయి, ఇది చానా మందికి తెల్వది. ఉండ లోపల తడి ఆవిరైతది, పైన మాత్రం పిండి బిర్రుగ నున్నగ ఉంటది, ఆవిరికి దారి దొరకక ఒక్కసారి పగులుతది, నూనె ఎగిరి మొఖం మీద పడుతది. పిల్లలు ఏం చేస్తరు, నున్నగ రావాలె అని ఒత్తి ఒత్తి దొర్లిస్తరు, అదే డేంజర్. పిండి సన్నజల్లెడ పట్టాలె, ఉండను వదులుగ చేయాలె, బట్ట మీద ఆరనియ్యాలె, నూనెల వేసే ముందు ఒక్కొక్కదాన్ని సూదితోటి పొడవాలె, మంట మీడియం మీద ఉంచాలె. వేయించే నూనె 170, 180 డిగ్రీల వేడి ఉంటది, మరిగే నీళ్లు 100, లెక్క మీరే వేసుకోండి. దొర్లిచ్చుడు వరకే పిల్లల పని, కడాయి పెట్టినంక వాళ్లు వంటింట్ల ఉండొద్దు, గడప అవుతల ఉండాలె. చిన్నోన్ని చంకల ఎత్తుకొని కాల్చేటోళ్లు కూడ ఉన్నరు, దండం పెడుత, అట్ల చేయకుండ్రి.

ఎవరికన్న కాలితే వెంటనే గాజులు ఉంగరాలు తీసి నల్ల కింద 20 నిమిషాలు చల్లటి నీళ్లు పారనియ్యాలె. పేస్టు, పసుపు, ఇంకు, ఐసు ఏదీ పెట్టొద్దు. శుభ్రమైన బట్ట వదులుగ కప్పి దవాఖానకు తీసుకపోవాలె. పేస్టు రాసుకొని వస్తే దాన్ని తీసేటప్పుడు ఆ పిల్లలు పడే బాధ చూడలేము.

దేవరకొండ పెద్దమ్మ:
నాకు టైపింగు రాదు, మా మనుమరాలు రాస్తున్నది. నాయినా, పిల్లలు చేస్తే సంతోషమే, కాదనను. గని అమ్మవారికి పెట్టేది వేరు, తినేది వేరు. వెన్నముద్దలు పిల్లలు కడితే ఒకటి కట్టి రెండు నోట్ల వేసుకుంటరు, ఆ వేళ్లే మళ్ల గిన్నెల పెడుతరు. ఎంగిలి చేసినది బతుకమ్మ ముందల ఎట్ల పెడుతం? తానం చేయించి, ముందుగాల నైవేద్యం పెద్దోళ్లు తీసి పక్కకు పెట్టినంక పిల్లలను ముట్టనియ్యాలె. ఇంకో ముచ్చట, సకినాలు మొదలు పెట్టేటప్పుడు అదే పిండితోటి గౌరమ్మను చేసి పసుపు కుంకుమ పెట్టి మొక్కినంకనే మొదటి చుట్టు వేయాలె. దుకాణంల వాళ్లు గౌరమ్మను చేస్తరో లేదో నాకైతే తెల్వది, మా ఇంట్లకు మాత్రం కొన్నయి రావు.

ఎల్బీ నగర్ శ్రావణం:
మాది నాగర్‌కర్నూల్ దిక్కు, ఇప్పుడు ఎల్బీ నగర్‌ల మూడో అంతస్తు. కిట్ల మీద అందరు పడ్డరు కాబట్టి నేను వాటి దిక్కు మాట్లాడుత. మీకు తాటి బుర్ర దొరుకుతది, పుట్టమన్ను దొరుకుతది, మాకు బాల్కనీల కుండీ మట్టి తప్ప ఏం లేదు. ఫెవికాల్, రంగు కాగితాలు, పూసలు, కత్తెర అన్నీ ఒక డబ్బాల ఉంటే మా బాబు తనంతట తనే కూసొని గ్రీటింగు కార్డో తోరణమో చేస్తడు, నేను పక్కన నా పని చేసుకుంట. ఇది తప్పు ఎట్లయితది? ఇంకోటి, పిల్లలకు ఏం చేయాలని ఉన్నదో ఎవరన్న అడిగిండ్రా? మన చిన్నతనంల మనకు నచ్చింది వాళ్లకు నచ్చాలని రూల్ లేదు కదా. థర్మకోల్ బతుకమ్మ మాత్రం నాకూ నచ్చదు, నీళ్లల్ల కరగదు, చెరువుల అట్లనే తేలుతది, మరుసటి రోజు పొయ్యి చూస్తే ఏడుపొస్తది.

నల్గొండ నాయిన:
శ్రావణం గారూ, కత్తెర కాగితాలు నేను వద్దనలేదు, పెండ్లి పత్రికలతోటి మస్తు తోరణాలు చేయొచ్చు, ఇంట్ల కుప్పలు ఉంటయి. నా కోపమంత బొమ్మ మీద నంబర్లు వేసి ఇక్కడ ఇది అతికించు అని చెప్పే డబ్బాల మీద. అందుల పిల్లవాడు ఆలోచించేది ఏమున్నది? బతుకమ్మ పేర్చుడు చూడుండ్రి, తాంబాలంల గుమ్మడాకులు పరిచి ఒక వరుస తంగేడు, ఒక వరుస గునుగు, మధ్యల బంతి, వరుస వరుసకు చుట్టు తగ్గించుకుంట పోవాలె, కింద ఒక్క దిక్కు ఒంగితే పైకి పోయేసరికి మొత్తం పడిపోతది. ఎవ్వరు చెప్పకుంటనే పిల్లలకు లెక్క అర్థమైతది.

కోడలు చెల్లె అడిగినదానికి, మా ఇంట్ల గిర్నీకి పోయేది నేనే, గిన్నెలు కడిగేది నేనే. కాల్చుడు మా ఆమె చేతుల ఉన్నది, ఆ పని ఆమె ఇంకొకరికి ఇయ్యదు.

బడి పంతులు:
గునుగుకు రంగు వేసే ముచ్చట ఎవ్వరు తియ్యలేదు. బజారుల పొట్లం రంగులు పిల్లల చేతులకు రోజుల తరబడి పోవు, నిమజ్జనం చేసినంక ఆ రంగు నీళ్లల్లనే కలుస్తది. మా బడి పిల్లలకు నేను పసుపుతోటి చూపెడుత. పసుపు నీళ్లల్ల జరంత సున్నం కలుపంగనే ఎర్రగ తిరుగుతది, మనం ఎర్రనీళ్లు దిష్టి తీసేది అట్లనే కదా, అండ్ల నిమ్మకాయ పిండితే మళ్ల పసుపుపచ్చ అయితది. పిల్లలు ఇంకోసారి ఇంకోసారి అని వదలరు. పసుపు ఒట్టి నీళ్లల్ల ఒక రంగు, సున్నం పడితే ఇంకో రంగు అని సైన్సు పాఠం కూడ అక్కడనే అయిపోతది. గునుగు కొసలు అండ్ల ముంచి నీడకు ఆరబెట్టాలె, బజారు రంగంత చిక్కగ రాదు, అయినా మంచిగనే ఉంటది.

బొడ్డెమ్మను కూడ మరిచిపోతున్నరు. బతుకమ్మకు ముందు ఆడపిల్లలు పుట్టమన్నుతోటి మెట్లు మెట్లుగ చేసి పూలు గుచ్చి ఆడుకునేది, ఇప్పుడు చానా ఊర్లల్ల కనబడుతలేదు. బతుకమ్మను 2014ల రాష్ట్ర పండుగ చేసిండ్రు, స్టేజీలు లైట్లు వచ్చినయి, మన్ను పిసికే పిల్లలు తగ్గిండ్రు. తంగేడు మన రాష్ట్ర పువ్వు, ఊరి బయట ప్లాట్లు పడ్డంక అదీ కొనుక్కునే కాలం వచ్చింది.

సూర్యాపేట సిస్టర్:
పంతులు గారూ, సున్నం పిల్లల చేతికి ఇయ్యకుండ్రి, కంట్ల పడితే చూపుకే ప్రమాదం. తినే సోడా వేసినా పసుపు ఎర్రబడుతది, సున్నమంత కాకున్నా పిల్లలకు అది చాలు.

కల్వకుర్తి సకినాలు:
ఇంతసేపు చదివిన, ఇప్పుడు నా మాట వినుండ్రి. నేను ఇంట్లనే సకినాలు అప్పాలు చేసి అమ్ముత, దసరాకు సంక్రాంతికి వచ్చే ఆర్డర్లతోటే పిల్లల ఫీజులు కడుత. కొన్నది పండుగ కాదు అన్నట్టు రాస్తుంటే బాధైతది. నేను కూడ ఆడమనిషినే, ఇంట్లనే చేస్తున్న, పెద్దమ్మా, గౌరమ్మను చేసినంకనే మొదటి చుట్టు వేస్త.

అయితే సకినాలు పిల్లలతోటి చుట్టించాలని ఆశ ఉన్నోళ్లకు ఒక సలహా. కష్టమంత పిండి కాడనే ఉన్నది, చుట్టుడు కాడ లేదు. బియ్యం నాని, నీళ్లు వార్చినంక తడి మీదనే పట్టించాలె, నువ్వులు ఓమ ఉప్పు వేసి నీళ్లు జర జర పోసుకుంట కలపాలె. చేతిల తీసుకొని బొటనవేలుతోటి తిప్పుతుంటే పిండి దానంతట అదే మెలి పడుకుంట జారాలె, పగిలితే నీళ్లు తక్కువైనట్టు, బట్టకు పరుచుకపోతే ఎక్కువైనట్టు. ఈ పాకం కుదిరినంక మూడు నాలుగు చుట్లు ఎవరైనా నేర్చుకుంటరు, పిల్లల సకినం వంకర పోతే పోనియ్యి, రుచి మారదు. అందుకే కొందరికి నేను చుట్టినవి ఇయ్యకుంట కలిపిన పిండే ఇస్త. ఇంట్ల తెల్లచీర పరుచుకొని చుట్టుకుంటరు.

మిర్యాలగూడ కోడలు:
అక్కా ఇది నాకు పనికొచ్చే మాట. నానబోసుడు, గిర్నీ, కలుపుడు నా నెత్తి మీదకెంచి పోతే చుట్టుడు పిల్లలతోటి నేనూ చేస్త, సంతోషంగ చేస్త. మా ఆయన కాల్చాలె, అది ముందే మాట్లాడుకుంట. కాని పాలమూరు తమ్మీ, పని పంచుడు నువ్వు రాసినంత అల్క కాదు, పంచుకుంటమని మాట ఇచ్చి పండుగ నాడు టీవీ ముందు కూసునేటోళ్లే ఎక్కువ. మాట నిలబడని ఇంట్ల ఆ ఆడమనిషి డబ్బా కొంటే ఎవ్వరు ఏమనొద్దు, నా మాటకు నేను కట్టుబడే ఉన్న.

పిండి పొద్దున తీసుకుంటే సాయంత్రం దాక ఉంటదా? నేను ఇల్లు చేరేసరికే ఏడైతది.

కల్వకుర్తి సకినాలు:
ఉండది చెల్లె, తడి పిండి, బయట పెడితే సాయంత్రానికి పులుపెక్కుతది. తీసుకున్న పూటనే చుట్టాలె. ఆదివారం పెట్టుకో, పొద్దుగాల పిండి తీసుకపొయ్యి మబ్బుల మబ్బుల మొదలుపెడితే పగటాల్లకు కాల్చుడు కూడ అయిపోతది. చుట్టినయి జర ఆరినంకనే పళ్లెంతోటి లేపాలె, పచ్చిగ లేపితే తెగిపోతయి, పిల్లలకు ముందే చెప్పు.

దేవరకొండ పెద్దమ్మ:
అన్నీ మంచిగ చెప్పిండ్రు. నైవేద్యం గిన్నె మాత్రం వేరే పెట్టుండ్రి, ఆ మాట కాడ నేను తగ్గ.