గుండ్రటి తెల్ల ఆల్చిప్ప: డోసీనియానా? ఏ జాతి?

సముద్రతీరంలో దొరికిన ఒక ఆల్చిప్ప జాతి తేల్చడానికి సాయం కావాలి. రెండు చిప్పలూ విరగకుండా ఉన్నాయి. వెడల్పు 45 మి.మీ., ఎత్తూ దాదాపు అంతే. దాదాపు గుండ్రంగా, కాస్త చదునుగా ఉంటుంది. రంగు తెలుపు, మచ్చలూ చారలూ ఏమీ లేవు. బయటంతా అంచుకు సమాంతరంగా సన్నటి గీతలు దగ్గరదగ్గరగా ఉన్నాయి, గోరుతో రాస్తే తెలుస్తాయి. మధ్య నుంచి అంచుకు వచ్చే గీతలు మాత్రం లేవు. కీలు దగ్గరి కొన ముందుకు వంగి ఉంది, దాని ముందు గుండె ఆకారంలో లోతైన చిన్న గుంట ఉంది.

మొదట లూసినిడే అనే ఆల్చిప్పల కుటుంబం అనుకున్నాను, ఎందుకంటే వాటిలోనూ ఇలా గుండ్రంగా, తెల్లగా ఉండేవి చాలా ఉన్నాయి. కానీ వాటికి పాలియల్ సైనస్ (చిప్ప లోపల, మెత్తటి శరీరం అతుక్కున్న గుర్తుగా ఉండే గీత ఒకచోట లోపలికి వంగి ఏర్పడే నొక్కు) ఉండదు కదా. దీని లోపల అది స్పష్టంగా ఉంది: లోతుగా, కొన తేలి, పైకి చూస్తూ. కీలు దగ్గర ఒక్కో చిప్పకు మూడేసి ప్రధాన పళ్లు కనిపిస్తున్నాయి. లోపలి అంచు నున్నగా ఉంది. అందుకే వెనెరిడే కుటుంబంలోని డోసీనియా ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) అని గట్టిగా అనిపిస్తోంది.

అసలు చిక్కు ఇక్కడే. డోసీనియాలో జాతులు చాలా, పైకి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. జాతి తేల్చడానికి దేన్ని ఎక్కువ నమ్మాలి? గీతల దగ్గరతనమా, గుంట ఆకారమా, సైనస్ కోణమా? వీటిని పోల్చి చూసిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. ఏ వైపు నుంచి ఫొటో కావాలన్నా తీసి పెడతాను.