ఎవరూ పట్టించుకోని చిన్న చెల్లెలు, ఎవరో చెప్పని అద్దెవాడు: ఇతన్ని హీరో అనొచ్చా?

రాతబల్ల (చిక్కడపల్లి)

నేను రాస్తున్న ప్రేమ నవల ఇరవయ్యో అధ్యాయం దగ్గర ఆగింది. చదివిన స్నేహితుల్లో కొందరు హీరోని క్షమించారు, కొందరు అక్కడితో చదవడం ఆపేస్తామన్నారు. మీ మాట కూడా కావాలి. కథ ఇది.

1987. హైదరాబాద్ చిక్కడపల్లిలో తాతల నాటి డాబా ఇల్లు. నాన్న పోయి ఏడాది అయింది. ఇంట్లో అమ్మ, అన్నయ్య, వదిన, ఆఖరి అమ్మాయి చిట్టి. ఇద్దరక్కల పెళ్లిళ్లు 1978లో, 1982లో అయిపోయాయి. చిట్టికి ఇరవై ఆరు. నాన్న మంచాన పడ్డప్పుడు సంబంధాలు చూడటం ఆగింది, ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నాన్నకి సేవ చేసింది తనే. అక్కలు వస్తే వాళ్ల పిల్లలకు నీళ్లు పోసేది తనే. అందరూ తిని లేచాక, ముక్కలన్నీ అయిపోయిన పులుసుతో అన్నం కలుపుకునేదీ తనే.

డాబా మీద గదిలోకి ఒకతను అద్దెకు దిగుతాడు. ఏం ఉద్యోగమో సరిగ్గా చెప్పడు, ఉత్తరాలు రావు, అద్దె మాత్రం ఒకటో తారీఖునే చేతిలో పెడతాడు. చిట్టి ఆఖర్న తింటుందని గమనించిన మొదటి మనిషి అతనే. ఇద్దరూ నాంపల్లి నుమాయిష్‌కి వెళ్తారు. పదహారో అధ్యాయంలో పెళ్లి చేసుకుందామంటాడు, తను సరేనంటుంది. ఇరవయ్యో అధ్యాయంలో అసలు సంగతి బయటపడుతుంది. ఆ ఇల్లు కొని అపార్ట్‌మెంట్ కట్టాలనుకున్న బిల్డరే అతన్ని పంపాడు. కాగితాలు ఎలా ఉన్నాయో, సంతకం దగ్గర ఎవరు అడ్డం పడతారో చూసి రమ్మన్నాడు. కొత్త చట్టం వల్ల చిట్టికి వాటా ఉందని అందరికంటే ముందు తెలిసింది అతనికే. కానీ ప్రేమ నిజం. చివర్లో ఆమె క్షమిస్తుంది.

ఇతన్ని మీరు హీరోగా ఒప్పుకుంటారా?

అద్దె_నవలలు

నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. వారపత్రికల్లో సీరియల్స్ కోసం గురువారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన తరం మాది. సందు చివర షాపులో నవల అద్దెకు తెచ్చుకుని, ఇంట్లో నలుగురం చదివి మర్నాడు తిరిగిచ్చేవాళ్లం. ఆ కథల్లో ఎవరో తెలియని మనిషి గుమ్మంలోకి రాగానే గుండె ఝల్లుమనేది. అతను ఎవరన్నది మొదట్లోనే చెప్పేస్తే ఇక చదవడానికి ఏముంటుంది?

ఇంకో మాట. అతను చిట్టి దగ్గర సంతకం తీసుకున్నాడా? లేదు. తీసుకోవచ్చు, తీసుకోలేదు. బిల్డర్ పని కోసం వచ్చినవాడు ఆ పని వదులుకున్నాడు. మనిషి మారడం కంటే పెద్ద ప్రేమకథ ఏముంది అండి? ఇరవై ఆరేళ్లు సొంతవాళ్లకే కనపడని పిల్ల ఒకరికి కనపడింది. అది చిన్న విషయం కాదు.

నాలుగో_అమ్మాయి

చిన్న విషయం కాదనే నేనూ అంటున్నా. అందుకే ఒప్పుకోలేకపోతున్నా.

ఆ ఇంట్లో ఎవరు ఏం చేస్తారో, ఎవరి మాట చెల్లుతుందో, ఎవరు మెత్తని మనిషో చూడటానికే అతను వచ్చాడు. చిట్టి ఆఖర్న తింటుందని గమనించడం అతని ఉద్యోగంలో భాగం. ఎవరి సంతకం తేలిగ్గా వస్తుందో తెలియాలంటే ముందు చూడాల్సింది అదే కదా. తర్వాత ప్రేమ పుట్టింది అంటున్నారు, సరే, పుట్టింది. కానీ ఏ రోజు చూపు బిల్డర్ కోసం, ఏ రోజు చూపు తన కోసం అన్నది చిట్టికి ఎలా తెలుస్తుంది? జీవితాంతం వెనక్కి వెళ్లి ఒక్కో రోజూ తీసి చూసుకోవాలి. నుమాయిష్‌లో గాజులు కొనిచ్చిన రోజు ఎటువైపు? నాన్న గురించి అడిగిన రోజు ఎటువైపు?

నేను మా ఇంట్లో నాలుగో అమ్మాయిని, ఆఖరిదాన్ని. సంతకం పెట్టినదాన్ని. మా అన్నయ్య చెడ్డవాడు కాదు. ఒక ఆదివారం భోజనాలయ్యాక, చాప ఇంకా తీయకముందే, మడతపెట్టిన స్టాంపు కాగితాలు తెచ్చి "ఇక్కడో సంతకం పెట్టమ్మా, ఊరికే ఫార్మాలిటీ" అన్నాడు. చదవమని ఇవ్వలేదు. చదువుతానని నేనూ అడగలేదు, అడిగితే నమ్మకం లేదా అంటారని. అమ్మ పక్కనే తమలపాకులకు ఈనెలు తీస్తూ ఉంది, తల ఎత్తలేదు. అక్కడ ఉన్నవాళ్లందరికీ అది ఏ కాగితమో తెలుసు. నాకు తప్ప. నొప్పంతా అక్కడే ఉంది. వాటా పోవడం రెండో సంగతి.

మీ హీరో కూడా అదే వరసలో కూర్చున్నాడు. ఆమెకు తెలియనిది తనకు తెలుసు, చెప్పలేదు, పైగా పెళ్లి చేసుకుందామన్నాడు.

దస్తావేజు_రాత

రిజిస్ట్రేషన్ ఆఫీసుల చుట్టూనే నా బతుకు గడిచింది. ప్రేమ సంగతి మీరు తేల్చుకోండి, నేను కాగితం సంగతి చెబుతాను. అది తప్పితే మీ కథ నిలబడదు.

తాతగారు ఎప్పుడు పోయారు? హిందూ వారసత్వ చట్టం అమల్లోకి వచ్చింది 1956 జూన్ 17న. ఆయన అంతకు ముందే పోయి ఉంటే ఆ ఇల్లు కొడుకు, అంటే చిట్టి నాన్న చేతిలో పిత్రార్జితం, పుట్టుకతోనే హక్కు వచ్చే ఉమ్మడి ఆస్తి. తర్వాత పోయి ఉండి, అది ఆయన స్వార్జితమే అయితే, కొడుక్కి సొంత ఆస్తిగా వస్తుంది. అప్పుడు చిట్టికి పుట్టుకతో వచ్చిన హక్కు ఏమీ ఉండదు, నాన్న తర్వాత అందరితో పాటు సమాన వాటా మాత్రమే. కాబట్టి తాతగారు 1956కి ముందే పోయినట్టు రాయండి.

కొత్త చట్టం అంటే ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన 1986 నాటి రాష్ట్ర సవరణ, 29-ఎ సెక్షన్. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ హక్కు. కానీ ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు వర్తించదు, ముందే పంపకాలు జరిగిన ఆస్తికీ వర్తించదు. మీ ఇద్దరక్కలూ దాని బయటే ఉన్నారు. లెక్క చూడండి. ఇల్లు మొదట మూడు భాగాలు: నాన్న, అన్నయ్య, చిట్టి. నాన్న వీలునామా రాయకుండా పోయాడు కనుక ఆయన భాగం భార్యకు, నలుగురు పిల్లలకు సమానంగా వెళ్తుంది. మొత్తం పదిహేను వాటాలు అనుకుంటే అన్నయ్యకు ఆరు, చిట్టికి ఆరు, అమ్మకు ఒకటి, అక్కలకు చెరొకటి. అంటే ఇల్లంతా అమ్మాలంటే అక్కల సంతకాలు, అమ్మ సంతకం కూడా కావాలి.

ఇప్పటి పాఠకులకు ఇది వింతగా ఉంటుంది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా పెళ్లయిన కూతుళ్లకూ సమాన హక్కు వచ్చింది, 2020లో సుప్రీంకోర్టు ఆ రోజుకి తండ్రి బతికి ఉండనక్కర్లేదని కూడా తేల్చింది. 1987లో మాత్రం లెక్క ఇదే.

మియాపూర్_లైన్

ఆరు వాటాలా! అయితే నా ప్రశ్న వేరు. తన హక్కు తనకు తెలియడానికి ఒక మగాడు పై నుంచి దిగి రావాలా? చిక్కడపల్లిలోనే సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది. ఇప్పటికీ పొద్దున్నే గేటు దగ్గర ఉద్యోగ పరీక్షల పిల్లలు బ్యాగులతో నిలబడి ఉంటారు. చిట్టిని అక్కడికి పంపండి. పేపర్లో వార్త చదివి తనే తెలుసుకుంటుంది. అద్దెవాడు ఉంటే ఉండనీయండి, కానీ ఆమెకు విలువ అతని వల్ల రాకూడదు.

అద్దె_నవలలు

అమ్మా, అలా అయితే అది హక్కుల పుస్తకం అవుతుంది, ప్రేమ నవల అవ్వదు. లైబ్రరీకి వెళ్లమనండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఎవరో ఒకరు తనను చూడాలన్న కోరిక బలహీనత కాదు. ఇంటిల్లిపాదికీ చేసీ చేసీ, రాత్రి డాబా మెట్ల మీద కూర్చుంటే "తిన్నారా?" అని ఒక్కరు అడగడం ఎంత పెద్ద విషయమో అది అందని ఆడవాళ్లకే తెలుస్తుంది. నేను సీరియల్స్ చదివింది డబ్బున్న హీరో కోసం కాదు, ఆ ఒక్క ప్రశ్న కోసం.

నాలుగో అమ్మాయి గారూ, మీకు జరిగింది చదివి మనసు పాడైంది. కానీ మీ అన్నయ్య సంతకం తీసుకున్నాడు, ఇతను తీసుకోలేదు. ఇద్దరినీ ఒకే వరసలో ఎలా కూర్చోబెడతారు?

గల్లీ_పాఠకుడు

అమ్మ ముచ్చట ఎవరూ తీయరేంది? ఆమెకు కూడా ఒక వాటా ఉంది కదా. కొడుకు దగ్గరే బతకాలి కాబట్టి నోరు ఎత్తదు. నవలలో ఆ తల్లి ఏమనుకుంటుందో రాయకుంటే నేనైతే నమ్మను.

నాలుగో_అమ్మాయి

గల్లీ పాఠకుడు గారూ, మంచి మాట అన్నారు. మా అమ్మ ఆ రోజు తల ఎందుకు ఎత్తలేదో నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు.

అద్దె నవలలు గారికి: తేడా ఉంది, కాదనను. మీ మెట్ల మీది ప్రశ్న కూడా నాకు తెలుసు, ఎవరైనా అడిగితే కళ్లలో నీళ్లు తిరిగే ప్రశ్న. కానీ ఆ ప్రశ్న అడిగినవాడికి నా ఇంటి సగం సంగతి తెలిసి, నాకు తెలియకపోతే? అతను అడిగేది నన్నా, ఆరు వాటాలనా? దస్తావేజు రాత గారి లెక్క చూసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. పెళ్లి కాలేదన్న కారణంతో ఇంట్లో అందరికీ భారమైన పిల్ల, సరిగ్గా ఆ కారణం వల్లే చట్టం ముందు అన్నతో సమానమైంది. ఈ సంగతి ఆమెకు తెలిసిన పొద్దున ఎలా ఉంటుందో ఊహించండి. ఆ పొద్దునను రచయిత్రి ఇరవయ్యో అధ్యాయంలో ఒక గొడవలో కలిపేసి దాటేస్తున్నారు. నాకు ఆ పొద్దున మొత్తం కావాలి. తను బిందె పట్టుకుని కుళాయి దగ్గర నిలబడి, ఈ గోడల్లో నాదీ ఉందా అని చూసుకోవాలి.

నేను అడిగేది ఇదే. పెళ్లి మాటకు ముందే అతను నోరు విప్పాలి. ఎవరు పంపారో, ఎందుకు వచ్చాడో, ఆమెకు ఎంత హక్కుందో, మూడూ చెప్పాలి. చెబితే గది పోతుంది, ఉద్యోగం పోతుంది, ఆమె కూడా పోవచ్చు. పోతాయని తెలిసీ చెప్పినవాడిని నేను హీరో అంటాను. ఆమె సరేనన్నాక చెప్పడంలో అతనికి పోయేదేముంది? అప్పటికి ఆమె మనసు ఇచ్చేసింది, క్షమించే భారం కూడా ఆమె మీదే పడింది. పుట్టినప్పటి నుంచి అందరి భారాలూ మోసిన పిల్ల మీద ఇది ఇంకొకటి.

రాతబల్ల

రెండు రోజులుగా ఇదే చదువుతున్నాను. తాతగారు 1951లో పోయినట్టు పెడుతున్నాను. అక్కల సంతకాలు కథలోకి వస్తాయి, అమ్మకు ఒక అధ్యాయం వస్తుంది. లైబ్రరీకి చిట్టి వెళ్తుంది, అతను చెప్పింది నిజమో కాదో చూసుకోవడానికి. అంటే అతను ముందే చెబుతాడు, నుమాయిష్‌కి ముందే. వెళ్దామా అని తర్వాత అడిగేది చిట్టి.

దస్తావేజు రాత గారూ, ఆమె సంతకం పెట్టనంటే అన్నయ్య ఏం చేయగలడు?

దస్తావేజు_రాత

తన వాటా వరకు అమ్ముకోవచ్చు, కానీ తెలివైన బిల్డర్ అలా కొనడు. లేదంటే పంపకాల కోసం దావా వేయాలి. ఏళ్లు పడుతుంది. ఎవరు వేసినా చివరికి ఆమె ఆరు వాటాలూ తేలతాయి. నోటీసు అదే ఇంటికి వస్తుంది. అన్నయ్య వాది, చెల్లెలు ప్రతివాది, పొయ్యి ఒకటే. అలాంటి ఇళ్లు నాకు తెలుసు.

అద్దె_నవలలు

రాతబల్ల గారూ, ముందే చెప్పించారు, నాకిష్టం లేకపోయినా చదువుతాను. కానీ ఆ నోటీసు వచ్చిన రోజు అతను డాబా మీద గదిలోనే ఉండాలి. అన్నయ్య సామాను బయట పడేసినా సరే, వీధి అవతల ఇంకో గది వెతుక్కుని ఉండాలి. అది రాయకపోతే మాత్రం నేను ఒప్పుకోను.