గుర్తులేని ఆ 14 కిలోమీటర్లు నేను పరుగెత్తినట్టేనా?

తొట్లకొండ రన్నర్:
పోయిన నెల సహ్యాద్రి కొండల్లో 100 మైళ్ల పరుగు పూర్తిచేశాను. అంటే 161 కిలోమీటర్లు. శుక్రవారం సాయంత్రం మొదలు, గడువు 36 గంటలు, నాకు 35 గంటల 12 నిమిషాలు పట్టింది. రెండేళ్లు దీని కోసమే బతికాను. తెల్లారకముందే కైలాసగిరి మెట్లు, ఆదివారాలు బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా. మెడలో మెడల్ వేస్తుంటే ఏడ్చేశాను.

ఇంటికొచ్చాక ఒక సంగతి నిద్రపోనివ్వడం లేదు. రెండో రాత్రి 147వ కిలోమీటరు దగ్గర టీ తాగడం గుర్తుంది. కాస్త దూరం పోయాక దారి పక్కన బండ మీద మా నాన్న కూర్చుని ఉన్నారు. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆయనతో మాట్లాడాను కూడా. మళ్లీ గుర్తున్నది ఫినిష్ లైనే. ఆ మధ్యలో లోయ అంచున దిగుడు ఉందని ఫోటోల్లో చూసి తెలుసుకున్నాను. "అక్కడ కాలు జారి ఉంటే?" అని మా ఆవిడ అడిగింది. అలాంటప్పుడు ఆగిపోవాలా, పూర్తిచేయాలా?

పెందుర్తి కుర్రోడు:
ఆగకూడదన్నా! అమెరికాలో బార్క్‌లీ మారథాన్స్ అనే కొండ అడవుల పరుగుకి 60 గంటల గడువు. 2024లో జాస్మిన్ పారిస్ 59 గంటల 58 నిమిషాల 21 సెకన్లకి చేరింది, పూర్తిచేసిన మొదటి మహిళ ఆవిడే. 99 సెకన్లే మిగిలాయి. మధ్యలో ఇంకో రెండు నిమిషాలు కూర్చుని ఉంటే అంతే సంగతి. నువ్వు పరుగెత్తావు, మెడల్ నీదే.

డ్యూటీ నర్సు:
తమ్ముడూ, మెడల్ సంగతి కాదిది. నిద్రలేక భ్రమలు రావడం వేరు, రక్తంలో సోడియం పడిపోవడం వేరు. పైకి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. మన విశాఖ ఉక్కపోతకి అలవాటుపడి, దాహం లేకపోయినా గంటగంటకీ మంచినీళ్లు తాగేవాళ్లుంటారు. సోడియం లీటరుకి 135 మిల్లీమోల్స్ కంటే తగ్గితే తలనొప్పి, వాంతులు, అయోమయం మొదలవ్వొచ్చు, ఇంకా పడిపోతే ఫిట్స్. ఉప్పు బిళ్ల వేసుకున్నాం కదా అని నీళ్లు పోసుకుంటూపోతే లాభం లేదు. బరువు చూసుకున్నారా? పరుగు మొదట్లో కంటే చివర్లో పెరిగిందంటే నీళ్లు ఎక్కువైనట్టు. నొప్పికని ఐబుప్రొఫెన్ మింగి ఉంటే కిడ్నీల మీద ఇంకో భారం.

అప్పన్న సన్నిధి:
ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. మా అమ్మ 64 ఏళ్ల వయసులో రాత్రంతా చెప్పుల్లేకుండా నడిచింది. మనసు గట్టిదైతే ఒళ్లు వింటుందండీ.

డాల్ఫిన్స్ నోస్ పెద్దాయన:
అమ్మకి నా నమస్కారాలు చెప్పు బాబూ. కానీ ఆ రాత్రి అడుగడుక్కీ మజ్జిగ పోసేవాళ్లుంటారు, పడిపోతే ఎత్తడానికి పదిమంది. కొండ మీద అర్ధరాత్రి ఎవరున్నారు? 2021 మేలో చైనాలోని గాన్సులో 100 కిలోమీటర్ల పరుగు మధ్యలో వడగళ్లు, చలిగాలి విరుచుకుపడి 21 మంది చనిపోయారు. ఒక గొర్రెల కాపరి ఆరుగురిని తన గుహలోకి చేర్చి కాపాడాడు. చలి ముదిరితే ముందు పోయేది తెలివే.

కుర్రోడు చెప్పిన బార్క్‌లీలోనే 2017లో గ్యారీ రాబిన్స్ గడువుకి 6 సెకన్లు ఆలస్యంగా వచ్చాడు. అందరికీ ఆ 6 సెకన్లే గుర్తు. నిజానికి పొగమంచులో దారి తప్పి, రావాల్సిన వైపు నుంచి కాకుండా మరో వైపు నుంచి వచ్చాడు. వేళకి చేరినా పూర్తిచేసినట్టు రాసేవారు కాదు. ఆగాలా వద్దా అని నువ్వు అడుగుతున్నావు. 147 దగ్గర ఆ ప్రశ్న వేసుకునే తెలివి నీకుందా? లేనప్పుడు ఆ నిర్ణయం నీ చేతిలో ఉండకూడదు.

తొట్లకొండ రన్నర్:
అక్కా, బరువు చూసుకోలేదు. నొప్పి మాత్రలు మాత్రం రెండు వేసుకున్నాను, ఇక వేసుకోను.

పెద్దాయన మాట మూడు రోజులుగా బుర్రలో తిరుగుతోంది. నాన్న కనిపించిన ఆ నిమిషం నాకు అపురూపం, అబద్ధం చెప్పను. అయినా ఆ దిగుడు నేను దిగానని చెప్పుకోలేకపోతున్నాను, కాళ్లు దిగాయంతే. ఈసారి పేసర్‌ని, అంటే నా పక్కనే పరుగెత్తే తోడుమనిషిని, పెట్టుకుంటాను. 120 దాటాక తిండీ నీళ్లూ ఇచ్చే ప్రతి స్టేషన్‌లో మా అమ్మాయి పుట్టినరోజు అడగాలి, 100 నుంచి ఏడేసి తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టించాలి. తడబడితే అరగంట పడుకోబెట్టాలి, లేచాక కూడా తడబడితే చొక్కా మీది నంబరు బిబ్ పీకేసి పరుగు ఆపించాలి. గడువు దాటితే దాటనీ.

మా ఆవిడకి ఇదంతా చదివి వినిపించాను. పేసర్ చెబితే నేను వింటానన్న నమ్మకం తనకి లేదట. ఈసారి ఆ టీ దగ్గర తనే కూర్చుంటానంది.